పాత పికప్ బండిలో క్లచ్ ఆయిల్ పూర్తిగా మార్చే పద్ధతి

హైడ్రాలిక్ క్లచ్ ఉన్న పాత పికప్ బండికి ఇంజన్ ఆయిల్‌ను కిలోమీటర్ల లెక్కన మారుస్తారు, బ్రేక్ ఆయిల్‌ను ఎప్పుడో ఒకసారైనా చూస్తారు, క్లచ్ ఆయిల్‌ను మాత్రం గేరు పడడం మానేసేదాకా పట్టించుకునేవారు తక్కువ. పట్టించుకున్నప్పుడు కూడా చాలామంది బానెట్ కింద ఉన్న చిన్న డబ్బాలోని నల్లటి ఆయిల్‌ను తీసి, కొత్తది పోసి, మూత బిగించి పని పూర్తయిందని అనుకుంటారు. అలా చేస్తే మారేది డబ్బాలో ఉన్నది మాత్రమే. క్లచ్ వ్యవస్థలో ఆయిల్ ఒక చోటి నుంచి మరో చోటికి తిరుగుతూ ఉండదు. పెడల్ తొక్కినప్పుడు కొన్ని మిల్లీలీటర్లు కిందికి కదిలి, వదిలినప్పుడు అంతే మేర వెనక్కి వస్తాయి. కింద గేర్‌బాక్స్ పక్కన ఉండే స్లేవ్ సిలిండర్‌లోని ఆయిల్ ఊట లేని బావిలో నీటిలాగా ఏళ్ల తరబడి అక్కడే నిలిచి ఉంటుంది. తుప్పు, రబ్బరు పొడి, తేమ చేరేది కూడా ఎక్కువగా అక్కడే. కాబట్టి క్లచ్ ఆయిల్ మార్చడమంటే ఆ చివరి నుంచి పాతదంతా బయటికి వచ్చేలా చేయడమే.

ముందు ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే మిగిలిన పని సులువవుతుంది. పెడల్‌కు తగిలించిన కడ్డీ ఇంజన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకు గోడ మీది మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి సన్నని ఇనుప పైపు ద్వారా, చివర ఒక రబ్బరు పైపు ద్వారా గేర్‌బాక్స్ ముందు భాగమైన బెల్ హౌసింగ్ పక్కన బిగించిన స్లేవ్ సిలిండర్‌కు చేరుతుంది. స్లేవ్ పిస్టన్ తన కడ్డీతో ఫోర్కును నెడుతుంది, ఫోర్కు రిలీజ్ బేరింగ్‌ను ముందుకు తోస్తుంది, బేరింగ్ ప్రెషర్ ప్లేటు వేళ్లను నొక్కడంతో క్లచ్ ప్లేటు విడుదలవుతుంది. ఈ గొలుసులో ఎక్కడైనా గాలి బుడగ ఉంటే పెడల్ కదలికలో కొంత భాగం ఆ బుడగను నొక్కడానికే ఖర్చయిపోతుంది. ఆయిల్ నలగదు గానీ గాలి నలుగుతుంది. అప్పుడు పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ పూర్తిగా విడవదు. చాలా పాత గేర్‌బాక్సులలో రివర్స్ గేరుకు సింక్రో, అంటే గేర్ల వేగాలను సమం చేసే అమరిక, ఉండదు గనుక ఆ లోపం మొదట రివర్స్ వేసేటప్పుడు గరగరమనే శబ్దంగా బయటపడుతుంది.

ఈ వ్యవస్థలో వాడేది బ్రేకులలో వాడే గ్లైకాల్ ఈథర్ రకం ద్రవమే. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఈ ఆయిల్ రకాలను సీసా మీద డాట్ 3, డాట్ 4 అని అంకెలతో సూచిస్తారు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం, దానిలో 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస స్థాయి 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ రెండు అంకెలు 230, 155. బ్రేకుల విషయంలో మరిగే స్థాయి ప్రాణాధారమైనది. క్లచ్‌లో అంత వేడి పుట్టదు గనుక ఇక్కడ అసలు శత్రువు తుప్పు అని నా అభిప్రాయం. తేమ చేరిన ఆయిల్ ఏళ్లపాటు నిలిచిపోతే సిలిండర్ లోపలి నున్నటి గోడ మీద సన్నని గుంటలు పడతాయి, ఆ గుంటల అంచులు రబ్బరు సీళ్లను కోస్తాయి, సీళ్లు కారడం మొదలుపెడతాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాలలోనూ, ఉక్కపోత ఎక్కువగా ఉండే దుబాయ్, దమ్మామ్ వంటి గల్ఫ్ తీర నగరాలలోనూ తిరిగే బండ్లకు ఈ బెడద మరింత ఎక్కువ.

ఇక్కడ ఉదాహరణగా 1980ల, 1990ల నాటి టయోటా హైలక్స్‌ను తీసుకుంటున్నాను. 2.4 లీటర్ల 22ఆర్ పెట్రోల్ ఇంజన్‌తో వచ్చిన ఆ తరం బండిని అమెరికాలో టయోటా పికప్ అనే పేరుతోనే అమ్మారు. గల్ఫ్‌లో హైలక్స్ తోలిన, తోలుతున్న తెలుగు డ్రైవర్లు ఎందరో ఉన్నారు. దాని స్లేవ్ సిలిండర్ బెల్ హౌసింగ్ బయట, చేతికి అందే చోట ఉంటుంది గనుక ఈ పని నేర్చుకోవడానికి అది అనువైన బండి. మన రోడ్ల మీద తిరిగే పికప్‌లలో స్లేవ్ సిలిండర్ బయట ఉన్న ప్రతి బండికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. స్పానర్ సైజులు, నిపుల్ (స్లేవ్ మీద ఆయిల్‌నూ గాలినీ బయటికి వదిలేందుకు ఉండే చిన్న బోలు స్క్రూ) ఉండే చోటు మాత్రం మారవచ్చు. 1990లలో అమెరికాలో అమ్మిన ఫోర్డ్ రేంజర్ వంటి కొన్ని బండ్లలో స్లేవ్ సిలిండర్ బెల్ హౌసింగ్ లోపల, గేర్‌బాక్స్ షాఫ్టు చుట్టూ వలయాకారంలో ఉంటుంది. అటువంటి వాటిలో ఆయిల్ మార్చడం బయటి నుంచే సాధ్యం, కానీ స్లేవ్ పాడైతే గేర్‌బాక్స్ దించక తప్పదు. కాబట్టి ఆ బండ్ల యజమానులు ఆయిల్‌ను సకాలంలో మార్చుకోవడం మరీ ముఖ్యం.

పనికి ముందు చూడవలసినవి

ఆయిల్ మార్చితే అన్ని లోపాలూ పోవు. అందుకే సీసా మూత తీయకముందే బండిని ఒకసారి పరిశీలించాలి. మొదట డబ్బాలో మట్టం చూడండి. ఇక్కడ బ్రేకుకూ క్లచ్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ డబ్బాలో మట్టం తగ్గుతుంది, అది సహజమే. తనంతట తానే సర్దుకునే స్లేవ్ ఉన్న క్లచ్‌లో దీనికి విరుద్ధంగా జరుగుతుంది: క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు వేళ్లు వెనక్కి జరిగి, ఫోర్కు ద్వారా స్లేవ్ పిస్టన్‌ను లోపలికి నెట్టడం వల్ల కొంత ఆయిల్ పైకి వచ్చి డబ్బాలో మట్టం కొద్దిగా పెరుగుతుంది. కనుక క్లచ్ డబ్బాలో మట్టం తగ్గుతూ ఉన్నదంటే ఎక్కడో కారుతున్నదనే అర్థం. అటువంటప్పుడు పైన పోస్తూ పోవడం పరిష్కారం కాదు.

కారే చోట్లు సాధారణంగా మూడు. స్లేవ్ సిలిండర్ చివర కడ్డీ చుట్టూ ఉన్న రబ్బరు బూటును వేలితో కొద్దిగా వెనక్కి ఒలిచి చూడండి; లోపల తడిగా ఉంటే సీలు పోయిందన్నమాట. క్యాబిన్‌లో పెడల్ పైభాగాన, మాస్టర్ సిలిండర్ కడ్డీ గోడలోంచి వచ్చే చోట చేయి పెట్టి తడిమి చూడండి. అక్కడ తడి ఉన్నా, కింద మ్యాట్ మీద జిడ్డు మరకలు ఉన్నా, గోడ మీద రంగు పొక్కులు లేచి ఊడిపోతున్నా మాస్టర్ వెనుక సీలు కారుతున్నట్టే. మూడవది పైపుల అతుకులు. ఇవి కాక, ఒకరిని పెడల్ తొక్కమని చెప్పి రబ్బరు పైపును గమనించండి. పాతబడిన పైపు లోపలి పొరలు బలం కోల్పోతే తొక్కిన ప్రతిసారీ అది ఉబ్బుతుంది, గాలి ఎంత తీసినా పెడల్ గట్టిపడదు. బీటలు వారిన పైపును ఆయిల్ మార్చే రోజే మార్చేయడం తెలివైన పని, ఎందుకంటే దాన్ని మరో రోజు మార్చితే గాలి మళ్లీ తీయవలసి వస్తుంది.

ఇంజన్ నడుస్తుండగా పెడల్‌ను పూర్తిగా తొక్కి అలాగే ఒక నిమిషం పట్టి ఉంచడం కూడా మంచి పరీక్ష. బయట ఎక్కడా తడి లేకుండానే పెడల్ కాలి కింద మెల్లగా దిగిపోతూ, గేరులో ఉన్న బండి ముందుకు పాకడానికి ప్రయత్నిస్తే మాస్టర్ లోపలి సీలు ఒత్తిడిని నిలపలేకపోతున్నదని గ్రహించాలి. ఈ పరీక్షను ముందు ఖాళీ స్థలం ఉన్న చోట, కుడికాలు బ్రేకు మీద ఉంచి మాత్రమే చేయాలి.

ఏ ఆయిల్, ఏ సామాను

ఆ తరం హైలక్స్‌కు తయారీదారు చెప్పింది డాట్ 3. డాట్ 4 కూడా గ్లైకాల్ రకమే గనుక దాన్ని వాడినా సీళ్లకు హాని లేదు. డబ్బా మూత మీద రాసి ఉన్నదాన్ని అనుసరించడం అన్నింటికన్నా క్షేమం. డాట్ 5 అని ఉన్న సీసాను మాత్రం తీసుకోకండి. అది సిలికాన్ రకం, పాత గ్లైకాల్ ఆయిల్‌తో కలవదు. డాట్ 5.1 అనేది దానికి భిన్నంగా గ్లైకాల్ రకమే. అంకెలు దగ్గరగా ఉన్నందున షాపులో పొరపాటు జరిగే అవకాశం ఉంది కాబట్టి సీసా మీద చదివి మరీ తీసుకోండి. అర లీటరు సీసా ఈ పనికి సరిపోయి ఇంకా మిగులుతుంది. సీలు తీయని సీసానే కొనండి. గ్యారేజీలో మూత తీసి నెలల తరబడి ఉంచిన సగం సీసా అప్పటికే తేమ పీల్చి ఉంటుంది, దాన్ని పోస్తే మార్చిన ప్రయోజనం సగం పోతుంది.

ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, గ్రీజు వంటి పెట్రోలియం పదార్థాలు ఒక్క చుక్క కూడా ఈ వ్యవస్థలోకి చేరకూడదు. వీటి సీళ్లు గ్లైకాల్‌కు తట్టుకునే రబ్బరుతో చేసినవి. ఖనిజ నూనె తగిలితే అవి ఉబ్బి మెత్తబడి పనికిరాకుండా పోతాయి. అదే కారణంగా డబ్బానూ సిలిండర్లనూ పెట్రోల్‌తోనో డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడగకూడదు. చాలా గ్యారేజీలలో డీజిల్‌తో కడగడం అలవాటుగా ఉంది గనుక, పనిని మెకానిక్‌కు అప్పగించినా ఈ ఒక్క మాట పక్కన నిలబడి చెప్పండి. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో తుడవడం క్షేమం.

మిగిలిన సామాను ఇళ్లలోనూ చిన్న షాపులలోనూ దొరికేదే: నిపుల్‌కు సరిపడే రింగ్ స్పానర్, లోపల పారేది కనిపించే సన్నని ప్లాస్టిక్ పైపు, ఒక ఖాళీ సీసా, పెద్ద సిరంజి, నూలు పోగులు ఊడని శుభ్రమైన గుడ్డలు, కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఒక బకెట్ నీళ్లు. ప్లాస్టిక్ పైపుగా కొత్త సెలైన్ పైపు ముక్క బాగా పనికివస్తుంది, అయితే అది నిపుల్ మూతి మీద బిగుతుగా కూర్చోవాలి. నిపుల్‌కు ఓపెన్ స్పానర్ వాడకండి. పాత నిపుల్ తల మెత్తగా ఉంటుంది, మూలలు అరిగిపోతే ఆపై ఎంత కష్టపడినా పట్టు దొరకదు. ఆరు మూలల రింగ్ స్పానర్ ఉంటే అన్నింటికన్నా మంచిది. నీళ్లు ఎందుకంటే, ఈ ఆయిల్ బండి రంగును తినేస్తుంది. ఎక్కడ చిందినా వెంటనే నీటితో కడిగేయాలి, ఉత్త గుడ్డతో తుడిస్తే చాలదు.

పని మొదలు

బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి, ఎందుకంటే స్లేవ్ దగ్గరకు చేరాలంటే సైలెన్సర్ పైపు పక్కగా చేయి పోవాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనుకా చెక్కలు పెట్టండి. హైలక్స్ ఎత్తయిన బండి గనుక చాలా సందర్భాలలో ఎత్తకుండానే కిందికి దూరవచ్చు. ఎత్తవలసి వస్తే జాకీ మీద ఆధారపడకుండా గట్టి స్టాండ్ల మీద నిలపండి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు.

అందరూ మొదట డబ్బా ఖాళీ చేయడంతో పని ప్రారంభిస్తారు. నేను మాత్రం మొదట నిపుల్ కదులుతుందో లేదో చూడమంటాను. పాత బండిలో అది తుప్పుతో బిగుసుకుని ఉండవచ్చు, బలవంతం చేస్తే విరిగిపోవచ్చు. డబ్బా ఖాళీ చేశాక ఆ సంగతి తెలిస్తే బండి కదలకుండా ఆగిపోతుంది. కాబట్టి ముందు నిపుల్ చుట్టూ మట్టిని తీగ బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, వీలైతే రాత్రంతా వదిలేయండి. తరువాత రింగ్ స్పానర్ పెట్టి, స్పానర్ మీద చిన్న సుత్తితో మెల్లగా తట్టుతూ వదులు చేయండి. ఒక్కసారిగా తిప్పకుండా కాస్త వదులు, కాస్త బిగువు అన్నట్టు ముందుకూ వెనక్కూ కదిలిస్తే అది లొంగుతుంది. వదులయ్యాక మళ్లీ బిగించి ఉంచండి. ఎంత ప్రయత్నించినా కదలకపోతే ఆ పూట పని ఆపి, కొత్త స్లేవ్ సిలిండర్ తెచ్చుకోవడమే మేలు.

తరువాత డబ్బా మూత చుట్టూ ఉన్న దుమ్మును తుడిచి మూత తీయండి. సిరంజితో పాత ఆయిల్‌ను లాగేసి, అడుగున పేరుకున్న నల్లటి మడ్డిని శుభ్రమైన గుడ్డతో తీసేయండి. ఆ మడ్డి కిందికి పోతే మాస్టర్ సిలిండర్‌లోని సన్నని రంధ్రాన్ని మూసివేస్తుంది గనుక ఈ తుడుపులో ఓపిక చూపాలి. అడుగున ఉన్న రంధ్రం మీద కొద్దిపాటి ఆయిల్ నిలిచి ఉండేలా చూసుకోండి, డబ్బా ఖాళీగా ఉన్నంతసేపు పెడల్ జోలికి వెళ్లవద్దు. అప్పుడు తొక్కితే గాలి నేరుగా మాస్టర్‌లోకి చేరుతుంది. శుభ్రం అయ్యాక కొత్త ఆయిల్‌ను గరిష్ఠ గీత వరకు పోసి, దుమ్ము పడకుండా మూతను పైన ఉత్తగా ఆనించి ఉంచండి. కొన్ని బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకే డబ్బా ఉంటుంది. అక్కడ మట్టం పడిపోతే బ్రేకులలోకీ గాలి చేరవచ్చు కనుక రెట్టింపు జాగ్రత్త అవసరం.

ఇప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ దగ్గర, మరొకరు బండి కింద. నిపుల్‌కు ముందు రింగ్ స్పానర్‌ను, ఆపై ప్లాస్టిక్ పైపును తొడిగి, పైపు రెండో చివరను కొద్దిగా కొత్త ఆయిల్ పోసిన సీసాలో మునిగేలా పెట్టండి. కింద ఉన్నవారు “తొక్కు” అంటే పైనున్నవారు పెడల్‌ను మెల్లగా చివరిదాకా తొక్కి, “తొక్కాను” అని బదులు చెప్పి, అలాగే పట్టి ఉంచాలి. అప్పుడు కింద నిపుల్‌ను పావు చుట్టు నుంచి అర చుట్టు వరకు తెరిస్తే పాత ఆయిల్ పైపులోకి దూసుకువస్తుంది. ప్రవాహం ఆగగానే నిపుల్‌ను బిగించి, ఆ తరువాతే “వదులు” అనాలి. ఈ వరుస ఒక్కసారి తప్పినా, అంటే నిపుల్ తెరిచి ఉండగానే పెడల్ వదిలినా, పాత ఆయిలో గాలో తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. కొన్ని బండ్లలో పెడల్ తనంతట తాను పైకి రాదు. అప్పుడు కాలి మునివేళ్లతో పైకి ఎత్తాలి. పెడల్‌ను టపటపా కొట్టడం వల్ల ఆయిల్‌లో నురుగు లేచి పని పెరుగుతుంది, కాబట్టి ప్రతి తొక్కుడూ నిదానంగా సాగాలి.

నాలుగైదు తొక్కుళ్లకు ఒకసారి లేచి డబ్బాలో మట్టం చూసి నింపండి. డబ్బా చిన్నది, మాటల్లో పడితే ఇట్టే ఖాళీ అవుతుంది, ఒకసారి గాలి పీల్చుకుంటే మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. పైపులో మొదట టీ డికాక్షన్ రంగులో, ఒక్కొక్కసారి నల్లగా వచ్చే ఆయిల్ క్రమంగా పలచబడి, సీసాలోంచి పోసిన కొత్త ఆయిల్ రంగుకు చేరాలి. రంగు తేటపడ్డాక కూడా బుడగలు రావడం పూర్తిగా ఆగేదాకా కొనసాగించండి.

స్లేవ్‌లో మిగిలిపోయేది

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ నిపుల్ ద్వారా బయటికి వచ్చేది పైపు నుంచి వచ్చి సిలిండర్ పైభాగాన్ని తాకుతూ పోయే ఆయిల్ మాత్రమే; స్లేవ్ పిస్టన్ దగ్గర మూలలో నిలిచిన మడ్డి అలాగే ఉండిపోవచ్చు. దాన్ని తీయాలంటే స్లేవ్ సిలిండర్‌ను బెల్ హౌసింగ్‌కు పట్టి ఉంచిన రెండు బోల్టులను విప్పి, పైపును విప్పకుండానే సిలిండర్‌ను చేతిలోకి తీసుకోవాలి. ఈ స్థితిలో ఎవరూ పెడల్ తొక్కకూడదు. ఎదురు నిలిచే ఫోర్కు లేకపోవడంతో పిస్టన్ ఊడి బయటికి వచ్చేస్తుంది.

సిలిండర్‌ను నిపుల్ అన్నింటికన్నా పైన ఉండేలా పట్టుకుని, నిపుల్ తెరిచి, కడ్డీని అరచేతితో మెల్లగా లోపలికి నెట్టండి. మూలనున్న నల్లటి ఆయిల్ ప్లాస్టిక్ పైపులోకి వస్తుంది. కడ్డీని అలాగే లోపల పట్టి ఉంచి నిపుల్ బిగించి, తరువాత చేయి మెల్లగా వదిలితే లోపలి స్ప్రింగు పిస్టన్‌ను బయటికి తోస్తుంది, ఆ ఖాళీలోకి పై నుంచి కొత్త ఆయిల్ దిగుతుంది. వచ్చేది తేటగా అయ్యేదాకా ఇలా చేసి, మధ్యమధ్య డబ్బా నింపండి. కడ్డీ సిలిండర్ నుంచి పూర్తిగా బయటికి రాకుండా వేలు అడ్డుపెట్టి ఉంచాలి. మామూలు పద్ధతిలో ఎంతకూ పోని మొండి బుడగ కూడా ఈ పద్ధతిలో పోతుంది, ఎందుకంటే గాలి ఎప్పుడూ ఎత్తయిన చోటికే చేరుతుంది, ఇప్పుడు ఆ ఎత్తయిన చోటు నిపుల్ అయింది.

ఇందులో ఒక ప్రమాదం లేకపోలేదు. చాలా ఏళ్లుగా పిస్టన్ తిరగని లోతులో సిలిండర్ గోడ తుప్పు పట్టి ఉంటే, సీలు అక్కడిదాకా పోయి గీసుకుపోయి, ఆ తరువాత కొద్ది రోజులకు కారడం మొదలుపెట్టవచ్చు. అయినా ఈ పని చేయమనే చెబుతాను. ఇంత మాత్రానికే పాడయ్యే సీలు ఎలాగూ ఎక్కువ కాలం నిలవదు, అది దారి మధ్యలో లోడుతో ఉన్నప్పుడు పోవడం కన్నా ఇంటి ముందు పోవడం నయం. స్లేవ్‌కు కొత్త సీళ్లు ఉండే రబ్బరు కిట్‌ను ముందుగానే తెచ్చి ఉంచుకుంటే మరీ మంచిది. కిట్ వేసేటప్పుడు సీలు పెదవి ఆయిల్ ఒత్తిడి ఉన్న వైపుకు తిరిగి ఉండాలి, కూర్చోబెట్టే ముందు దాన్ని కొత్త బ్రేక్ ఆయిల్‌తో తడపాలి. సిలిండర్ గోడను గోటితో తడిమితే గుంటలు తగులుతుంటే కిట్‌తో సరిపెట్టుకోకుండా మొత్తం స్లేవ్‌ను మార్చండి. సాన పట్టించి నున్నగా చేయించిన గోడ ఎక్కువ కాలం ఆగదు.

స్లేవ్‌ను తిరిగి బిగించేటప్పుడు కడ్డీ కొన ఫోర్కులోని గుంటలో సరిగా కూర్చుందో లేదో చూసి, రెండు బోల్టులనూ సమంగా బిగించండి. నిపుల్‌కు పెద్ద బలం అక్కరలేదు, స్పానర్ మణికట్టు బలంతో ఆగేదాకా బిగిస్తే చాలు. దాని రబ్బరు టోపీని తప్పక తొడగండి. వచ్చేసారి నిపుల్ సులువుగా కదిలేది ఆ టోపీ వల్లనే.

తోడు మనిషి లేనప్పుడు

ఒంటరిగా చేయవలసి వస్తే రెండు మార్గాలున్నాయి. మొదటిది డబ్బా నిండుగా ఉంచి, మూత వదులుగా పెట్టి, నిపుల్ తెరిచి, ఆయిల్ తన బరువుతోనే చుక్కచుక్కగా దిగనివ్వడం. ఇది నెమ్మదైనదే గానీ గాలి చేరే ప్రమాదం తక్కువ; మట్టం చూస్తూ ఉంటే సరిపోతుంది. రెండవది కింది నుంచి పైకి ఎక్కించడం. కొత్త ఆయిల్ నింపిన సిరంజిని, గాలి లేకుండా నిండిన పైపుతో నిపుల్‌కు తగిలించి మెల్లగా నెడితే బుడగలు తమ సహజ మార్గంలో పైకి పోయి డబ్బాలో తేలుతాయి. గాలి తీయడానికి ఇది చాలా మంచి పద్ధతి. అయితే ఆయిల్ పాతదిగా ఉండగా ఇలా చేస్తే స్లేవ్‌లోని మడ్డి అంతా మాస్టర్‌లోకి ఎక్కుతుంది. కాబట్టి పాతదాన్ని కిందికి తీసేశాక, చివరి బుడగల కోసం మాత్రమే దీన్ని వాడండి, డబ్బా పొంగిపోకుండా పైన సగం ఖాళీగా ఉంచండి.

పని అయ్యాక పరీక్ష

పెడల్‌ను చేతితో మెల్లగా నొక్కి, బరువు తగిలేదాకా ఎంత దూరం ఉత్తగా కదులుతుందో కొలవండి. ఆ తరం హైలక్స్‌లో ఈ ఖాళీ కదలిక 5 నుంచి 15 మిల్లీమీటర్లు ఉండాలి. అందులో మాస్టర్ కడ్డీకీ పిస్టన్‌కూ మధ్య ఉన్న సందు వల్ల వచ్చేది పెడల్ కొన వద్ద 1 నుంచి 5 మిల్లీమీటర్లు. ఈ చిన్న సందును తేలికగా తీసుకోకూడదు. అది లేకపోతే పెడల్ వదిలినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, డబ్బాలోకి ఆయిల్ తిరిగి చేరే రంధ్రం తెరుచుకోదు, లైనులో ఒత్తిడి నిలిచిపోయి క్లచ్ జారడమూ బేరింగ్ అరగడమూ మొదలవుతాయి. తేడా ఉంటే పెడల్ వెనుక కడ్డీ మీది నట్టును వదులు చేసి, కడ్డీని తిప్పి సర్దుకోవాలి.

తరువాత ఇంజన్ స్టార్ట్ చేసి, పెడల్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు క్షణాలు ఆగి రివర్స్ వేయండి. శబ్దం లేకుండా పడితే క్లచ్ పూర్తిగా విడుస్తున్నట్టే. పెడల్ ఇంకా మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు వెంటవెంటనే తొక్కితే గట్టిపడుతుంటే లోపల గాలి మిగిలింది. స్లేవ్ వైపు గాలి లేదని తేలాక కూడా అలాగే ఉంటే మాస్టర్‌లో బుడగ చిక్కి ఉండవచ్చు. మాస్టర్ నుంచి బయలుదేరే పైపు నట్టు చుట్టూ గుడ్డ చుట్టి, పెడల్ తొక్కి ఉంచి, నట్టును కొద్దిగా వదులు చేసి వెంటనే బిగిస్తే ఆ బుడగ బయటికి వస్తుంది. ఇవన్నీ చేసినా తొక్కి ఉంచిన పెడల్ దిగిపోతుంటే అది ఆయిల్ లోపం కాదు, మాస్టర్ సిలిండర్ మార్చవలసిన సమయం.

చివరగా డబ్బాను గరిష్ఠ గీతకు మించకుండా నింపండి; ప్లేటు అరిగేకొద్దీ మట్టం పైకి వస్తుందని ముందే చెప్పుకున్నాం, దానికి చోటు ఉండాలి. మూతలోని రబ్బరు పొర మడత పడకుండా చూసి బిగించండి. ఆయిల్ తగిలిన ప్రతి చోటా నీళ్లు పోసి కడగండి. తీసిన పాత ఆయిల్‌ను కాలువలోనో నేల మీదో పారబోయకండి, పాత ఇంజన్ ఆయిల్‌తోనూ కలపకండి. పేరు రాసిన సీసాలో పోసి, పిల్లలకూ పశువులకూ అందకుండా ఉంచి, వాడిన ఆయిల్‌ను తీసుకునే చోట అప్పగించండి. వారం రోజులు బండి తోలాక మట్టాన్ని మరోసారి చూసి, స్లేవ్ బూటును ఒలిచి లోపల పొడిగా ఉన్నదని నిర్ధారించుకోండి. పొడిగా ఉంటే మళ్లీ రెండేళ్లకు, బ్రేక్ ఆయిల్ మార్చే రోజునే దీన్నీ మార్చేలా తేదీని డబ్బా పక్కన అంటించి ఉంచండి. ఉప్పుగాలి, ఉక్కపోత ఉన్న తీరంలో తిరిగే బండికి ఏడాదికి ఒకసారి మార్చినా ఎక్కువేమీ కాదు.